కూర్చుంటే కునుకు, లేస్తే టెన్షన్: ఇంట్లో బౌద్ధ ధ్యానం ఎలా మొదలుపెట్టాలి?

పర్లాకిమిడి_కౌంటర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో పర్లాకిమిడి. మందుల షాపులో కౌంటర్ మీద పనిచేస్తాను, పొద్దున తొమ్మిదిన్నరకి వెళ్తే రాత్రి ఎనిమిదిన్నర అవుతుంది, మధ్యాహ్నం అన్నానికి ఇంటికొస్తాను. మా ఆయన సూరత్‌లో ఉంటారు. ఇంట్లో నేను, అత్తయ్య, తొమ్మిదో తరగతి చదివే మా బాబు.

సంక్రాంతి సెలవుల్లో మా వీధివాళ్లం బండి మాట్లాడుకుని జిరంగ్ వెళ్లాం. తెలియనివాళ్లకి చెప్తున్నా, మోహన అనే ఊరు దాటాక చంద్రగిరి దగ్గర టిబెట్ వాళ్ల ఊళ్లున్నాయి. 1963లో వచ్చి స్థిరపడ్డవాళ్లు. చలికాలంలో మన ఊళ్లకొచ్చి స్వెట్టర్లు అమ్మేది వీళ్లే. జిరంగ్‌లో వాళ్ల పద్మసంభవ మహావిహారం ఉంది, 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. మావాళ్లంతా బయట ఫొటోలు దిగుతుంటే నేను చెప్పులు విప్పి లోపలికెళ్లి ఓ మూల కూర్చున్నాను. లామాలు వరసలుగా కూర్చుని ఏదో చదువుతున్నారు. అందులో మా బాబు వయసు పిల్లలున్నారు, ఒకడు ఆవలిస్తుంటే పక్కవాడు మోచేత్తో పొడుస్తున్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఓ పావుగంట నా బుర్రలో షాపు లేదు, బాబు ఫీజు లేదు, ఏమీ లేదు. బయటికొచ్చేటప్పటికి కళ్లల్లో నీళ్లున్నాయి, ఎందుకో ఇప్పటికీ తెలీదు.

ఇంటికొచ్చాక ఫోన్లో వీడియోలు చూసి మొదలుపెట్టాను. రాత్రి పనంతా అయ్యాక పదిన్నరకి చాప వేసుకుని కూర్చుంటే అయిదు నిమిషాల్లో తల వాలిపోతోంది. ఒకసారి గోడకి నుదురు కొట్టుకుని బొప్పి కట్టింది, మర్నాడు షాపులో అందరూ అడగడమే. నిద్ర రాని రోజు ఇంకా ఘోరం, పగలంతా గుర్తురానివన్నీ కళ్లు మూసుకోగానే వరస కడతాయి, ఫలానా కస్టమర్‌తో అలా మాట్లాడానేంటి, ఆ బాకీ రాసుకున్నానా లేదా, ఇలా. లేచేటప్పటికి కూర్చోకముందు లేని టెన్షన్ పట్టుకుంటోంది.

దానికితోడు అత్తయ్య. "దేవుడి గది ఉండగా హాల్లో గోడకేసి కూర్చుంటావేటి, మతం గాని మారిపోతున్నావేటి?" అని రెండుసార్లు అడిగారు. కోపంగా కాదు, భయంగా. నిజానికి ఆవిడకి ఏం చెప్పాలో నాకే తెలీడం లేదు. బౌద్ధ ధ్యానం చేయాలంటే బౌద్ధులం అయిపోవాలా? జిరంగ్‌లో మంత్రాలు చదువుతారు, వీడియోలో శ్వాస చూడమంటారు, ఇంకొకరు పది రోజులు మాట్లాడకుండా ఉండే కోర్సుకి వెళ్లమంటారు. ఇవన్నీ ఒకటేనా? ఆ పది రోజులకి నాకు సెలవు దొరకదు. షాపూ వంటా చూసుకునే మనిషికి కుదిరేది చెప్పండి. దయచేసి లింకులు పెట్టి వదిలేయకండి, చూసి చూసి విసుగొచ్చింది.

బరంపురం_గుంటమగ్గం

అమ్మా, ముందు ఆ చాప రాత్రి పూట వేయడం మానెయ్. పొద్దంతా నిలబడి వచ్చిన ఒంటికి కళ్లు మూయమని చెబితే అది నిద్ర పోక ఏం చేస్తుంది? అది దాని ధర్మం. పొద్దున లేచి ముఖం కడుక్కుని, పొయ్యి వెలిగించకముందు కూర్చో.

నేను బరంపురంలో పట్టు నేసేవాణ్ణి. కళ్లు సరిగా ఆనక ఇప్పుడు మగ్గం మా అబ్బాయికి వదిలేశాను. పద్నాలుగేళ్లుగా రోజూ కూర్చుంటున్నాను. గురువునేం కాను, తోటివాడిగా చెప్తున్నాను.

కునుకు గురించి సిగ్గుపడకు. బుద్ధుడి ఇద్దరు ప్రధాన శిష్యుల్లో ఒకడు మొగ్గల్లానుడు, సంస్కృతంలో మౌద్గల్యాయనుడు. ఆయన కూడా సాధన చేసే రోజుల్లో మగధలో ఒక పల్లె దగ్గర కూర్చుని తూగుతుంటే బుద్ధుడు వచ్చి "తూగుతున్నావా మొగ్గల్లానా?" అని అడిగాడట. తిట్టలేదు. వరసగా ఉపాయాలు చెప్పాడు. విన్న ధర్మాన్ని మనసులో తలుచుకో, పోకపోతే పైకి చదువు, ఇంకా పోకపోతే చెవులు లాక్కుని ఒళ్లు రుద్దుకో, లేచి కళ్లు నీళ్లతో కడుక్కుని నక్షత్రాల వైపు చూడు, వెలుగుని మనసులో పెట్టుకో, అటూ ఇటూ నడువు. వీటన్నిటికీ లొంగకపోతే? కుడిపక్కకి తిరిగి పడుకో, మెలకువ రాగానే లేస్తానని అనుకుని పడుకో అన్నాడు. నాకు ఈ చివరిదంటే భలే ఇష్టం.

ఇక ఎలా కూర్చోవాలి. మోకాళ్లు బాగుంటే కింద, లేదంటే స్టూలు మీద, వీపు ఆన్చకుండా నిటారుగా. బిగుసుకుపోవద్దు. ముక్కు కొసన గాలి వస్తూ పోతూ ఉంటుంది కదా, అది తగిలే చోటు చూడు. గట్టిగా పీల్చడం, బిగబట్టడం ఏమీ వద్దు, ఇది ప్రాణాయామం కాదు. ఊపిరి ఎలా వస్తే అలా రానీ. మొదట్లో లెక్క పెట్టుకో: ఒక ఊపిరి పోయింది, ఒకటి, ఇంకోటి పోయింది, రెండు. పది దాకా వెళ్లి మళ్లీ ఒకటి. ఈ పది నేను పెట్టింది కాదు, బుద్ధఘోషుడనే పాతకాలం బౌద్ధ పండితుడు విశుద్ధిమగ్గం అనే తన పుస్తకంలోనే చెప్పాడు, అయిదుకి తగ్గించొద్దు, పదికి మించొద్దు అని. అయిదులోపే ఆపేస్తే మనసు ఇరుకు దొడ్లో కట్టేసిన పశువుల్లా కొట్టుకుంటుందట, పది దాటితే ఊపిరిని వదిలేసి అంకెని పట్టుకుంటుందట. పదిహేను వందల ఏళ్ల కిందటి మాట, ఇవాళ కూర్చుని చూసినా అంతే.

నాలుగు దగ్గరికొచ్చేసరికి బాకీ గుర్తొస్తుంది. రానీ. గుర్తొచ్చిందని నీకు తెలిసింది చూడు, అదే మొత్తం పని. మగ్గం మీద పోగు తెగితే ఏం చేస్తాం? చేయి ఆపి, తెగిన కొసలు వెతుక్కుని, ముడేసి మళ్లీ నేస్తాం. పోగుని తిట్టుకుంటూ కూర్చునే నేతగాణ్ణి నేను చూడలేదు. రోజుకి ఎన్నిసార్లు తెగుతుందో లెక్కే ఉండదు, చీర మాత్రం తయారవుతుంది. నువ్వు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టు, అంతే. కూర్చున్నంతసేపూ ఆలోచన రాకూడదు అన్నది ఎవరు చెప్పారోగాని కొత్తవాళ్లని చెడగొట్టిన మాట అది.

మొదటి వారం అయిదు నిమిషాలు. పదిహేను చేయాలనిపించినా అయిదే చెయ్. ఆకలి ఉండగానే లేవాలి, పెళ్లి భోజనం లాగా కాదు.

కూర్చోవడం కాక ఇంకోటి ఉంది. బుద్ధుడి బోధలున్న పాళీ భాషలో సతి అంటారు, సతీపతుల సతి కాదు, సంస్కృతంలో స్మృతి, మన మాటలో ఎరుక. నడుస్తుంటే నడుస్తున్నానని, తింటుంటే తింటున్నానని తెలిసి ఉండడం. సతిపట్ఠాన సుత్తం అనే బుద్ధుడి ఉపదేశంలో మలమూత్రాల దగ్గర కూడా ఎరుక ఉండాలని రాసుంది, అంటే బుద్ధుడు దీన్ని గదిలో తలుపేసుకుని చేసే పనిగా పెట్టలేదు. నువ్వు షాపులో రోజుకి ఎన్ని స్ట్రిప్పులు కత్తిరిస్తావో! అన్నిటికీ వద్దు. పొద్దున మొదటి స్ట్రిప్పు ఒక్కటి కత్తిరించేటప్పుడు వేళ్లనీ, కత్తెర చప్పుడునీ చూసుకో. రెండు క్షణాల పని.

అత్తగారి సంగతి సులువు. జయదేవుడు దశావతారాల్లో బుద్ధుణ్ణి కలిపి పాడాడు కదా, ఒడిశాలో ఉంటూ ఆవిడకి ఆ పాట తెలియకుండా ఉండదు. "కేశవుడి తొమ్మిదో అవతారం చెప్పిన పద్ధతే అత్తయ్యా" అను, ఇంక మాట్లాడరు.

రాయగడ_పాతపుస్తకం

ఇవన్నీ ఒకటేనా అన్న దానికి నేను చెప్తాను. వేరు ఒకటే, కొమ్మలు వేరు. జిరంగ్‌లో మీరు చూసింది వజ్రయానం, టిబెట్ దారి. అక్కడ మంత్రం, దీపం, గురువు, మనసులో రూపాన్ని నిలుపుకోవడం ముఖ్యం, గురువు దగ్గర నేర్చుకోవాల్సిందే, వీడియో చూసి చేసేది కాదు. ఊపిరి చూడడం ఆనాపానసతి, పాళీ సుత్తాల్లో ఉన్నది, శ్రీలంక, బర్మా వైపు థేరవాదం అనే శాఖలో దానికి పెద్దపీట. ఆ పది రోజుల కోర్సు బర్మా నుంచి వచ్చింది, మండలేలో పుట్టిన గోయంకా గారు అక్కడ ఊ బా ఖిన్ అనే గురువు దగ్గర నేర్చుకుని 1969లో ఇక్కడికి తెచ్చారు. మహారాష్ట్ర వైపు అంబేద్కర్ దారి ఇంకో కొమ్మ, దాని గురించి తెలిసినవాళ్లు రాస్తారు.

మీరు అడగలేదు గానీ ఒక మాట. బౌద్ధం పరాయిదేమో అన్న భయం మన వైపువాళ్లకి అక్కర్లేదు. గంజాం జిల్లాలో రుషికుల్య ఒడ్డున జౌగడ బండ మీద అశోకుడి శాసనాలున్నాయి, అక్కడి సమాపా పట్నంలోని అధికారులకి రాసినవి, మనుషులంతా నా బిడ్డలు అంటాడు అందులో. చిత్రం ఏంటంటే కళింగ యుద్ధం గురించి బాధపడుతూ రాసిన పదమూడో శాసనం వేరే చోట్ల ఉంది గానీ జౌగడలో, భువనేశ్వర్ దగ్గరి ధౌళిలో లేదు. యుద్ధం జరిగిన నేల మీద ఆ మాట చెక్కించలేదు, దాని బదులు అధికారులు జనాన్ని ఊరికే జైల్లో పెట్టి బాధించొద్దని చెక్కించాడు. మీకు ఇంకా దగ్గర కావాలంటే శ్రీకాకుళం జిల్లాలో వంశధార పక్కన శాలిహుండం కొండ ఉంది. పొద్దున్నే వెళ్తే స్తూపాల దగ్గర మేకలు కాసేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. ఓ అరగంట కూర్చుని రండి.

బల్లార్షా_నైట్‌షిఫ్ట్

జై భీమ్, నమస్తే అక్కా. మాది చంద్రపూర్ జిల్లా బల్లార్షా. మా నాన్న మంచిర్యాల వైపు నుంచి బొగ్గుబావి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు, నేనూ బావిలోనే. ఇంట్లో తెలుగు, బయట మరాఠీ.

పెద్దాయన ఊపిరి గురించి, తెగిన పోగు గురించి చెప్పింది చాలా బాగుంది, నేను మా దోస్తులకి చదివి వినిపించిన. కానీ అవతారం మాట మాత్రం ఒప్పుకోను బాబాయ్, కోపం తెచ్చుకోవద్దు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో, 16న మా చంద్రపూర్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ బౌద్ధ దీక్ష ఇచ్చినప్పుడు జనంతో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో ఒకటి, బుద్ధుడు విష్ణువు అవతారం అన్నది నేను నమ్మను అని. ఆ దీక్ష జరిగిన చోటు, ఇక్కడి దీక్షాభూమికి ఏటా అక్టోబరులో వచ్చే జనాన్ని చూస్తే ఆ ఒక్క వాక్యం వాళ్లకి ఎంత ముఖ్యమో తెలుస్తది. అత్తని సముదాయించడానికి అబద్ధమో సగం నిజమో చెప్పి మొదలుపెట్టడం ఎందుకు? "మతం మారడం లేదు, మనసు కుదుటపడడానికి కూర్చుంటున్న" అని ఉన్నమాట చెప్తే సరిపోతది కదా.

నా అసలు మాట వేరే ఉంది. అందరూ కళ్లు మూసుకోవడం దగ్గర మొదలుపెడుతున్నరు. మా వాడకట్టు విహారంల ఆదివారం పొద్దున వెళ్తే ఎవరూ ముందుగాల ధ్యానం చెప్పరు. తెల్లబట్టలు కట్టుకున్న ఆడవాళ్లు, స్కూలు పిల్లలు, రిటైరైనవాళ్లు కింద కూర్చుని త్రిశరణం (బుద్ధుడు, ధమ్మం, సంఘం శరణు అని), పంచశీల చెప్తరు. వర్షావాసం, అంటే వానాకాలం మూడు నెలలు, రాత్రిపూట బాబాసాహెబ్ రాసిన 'బుద్ధుడు – ఆయన ధమ్మం' కొన్ని కొన్ని పేజీలు చదువుతరు, అది ఆయన పోయినంక 1957లో అచ్చయిన పుస్తకం. ధ్యానం ఆఖర్ల పది నిమిషాలు. నేను మొదటిసారి పోయినప్పుడు ఇదేంది, శ్వాస ఎప్పుడు చెప్తరు అని చూసిన. తర్వాత అర్థమైంది.

పంచశీల అంటే ప్రాణం తీయను, ఇవ్వనిది తీసుకోను, తప్పుడు సంబంధం పెట్టుకోను, అబద్ధం ఆడను, మత్తు తాగను. పాళీలో ప్రతిదాని చివర "వేరమణీ సిక్ఖాపదం సమాదియామి" అని వస్తది. సిక్ఖాపదం అంటే నేర్చుకునే పాఠం. మానుకోవడం నేర్చుకుంటానని నాకు నేను ఒప్పుకుంటున్న అని, అంతే. తప్పితే నరకం అని కాదు. నేను అయిదోదాంట్లో ఎన్నిసార్లు ఫెయిలయిన్నో మా ఆవిడని అడిగితే చెప్తది. నైట్ షిఫ్ట్ దిగినంక క్వార్టర్ వేయకపోతే నిద్ర రాదనుకునేవాణ్ణి. మానడానికి ఏడాదిన్నర పట్టింది, మధ్యల మూడుసార్లు మళ్లీ మొదలుపెట్టిన. మానినంకనే నా కళ్లు మూస్తే ఏదో ఒకటి కనబడ్డది, అంతకుముందు కూర్చున్నదంతా హ్యాంగోవర్ దించుకోవడమే.

శీలం, అంటే ఈ అయిదు, లేకుంట ఒట్టి ధ్యానం చేస్తే అది మంచి రిలాక్సేషన్, తప్పు లేదు. కానీ దానికి బుద్ధుడి పేరు అక్కర్లేదు.

బరంపురం_గుంటమగ్గం

బాబూ, కోపమేమీ రాలేదు. అవతారం మాట వెనక్కి తీసుకోను గానీ, నువ్వు ఎందుకు ఒప్పుకోవో ఇప్పుడు తెలిసింది. మా ఇంట్లో జగన్నాథుడి పటం కిందే నేను కూర్చుంటాను, అది మా పద్ధతి. ఆ అమ్మాయి తన అత్తగారితో ఏం చెప్పుకోవాలో తనకి తెలుసు.

ఒట్టి రిలాక్సేషన్ అన్నావే, అక్కడ మాత్రం తొందరపడ్డావు. నేను మొదలుపెట్టింది చేతులు వణుకుతుంటే తగ్గుతుందేమోనని. శీలం అన్న మాటే తెలీదు నాకు. కూర్చోగా కూర్చోగా మా తమ్ముడితో పదేళ్లు మాట్లాడకపోవడంలో నా తప్పెంతో కనబడింది. కొందరికి అటు నుంచి ఇటు, కొందరికి ఇటు నుంచి అటు.

పర్లాకిమిడి_కౌంటర్

అందరికీ థాంక్స్. పది రోజులుగా పొద్దున అయిదుంబావుకి కూర్చుంటున్నాను, స్టూలు మీద, అయిదు నిమిషాలే. కునుకు రావడం లేదు. లెక్క పది దాకా వెళ్లింది ఇప్పటికి నాలుగుసార్లో అయిదుసార్లో.

బల్లార్షా తమ్ముడు రాసింది చదివాక ఒకటి పట్టుకుంది, ఎవరితోనూ అనలేదు, ఇక్కడ రాస్తున్నా. షాపులో చీటీ మీద ఒక కంపెనీ పేరుంటుంది, అది ఉన్నా సరే మాకు మార్జిన్ ఎక్కువ వచ్చే వేరే కంపెనీది ఇమ్మంటారు ఓనరు. లోపలి మందు ఒకటే, అది నిజం. కానీ ధర ఎక్కువ. "ఇదేనా అమ్మా డాక్టరుగారు రాసింది?" అని అడుగుతారు, చదువు రాని ముసలివాళ్లే ఎక్కువ, కొండల మీంచి దిగి వచ్చినవాళ్లు. "అదే" అంటాను. రోజుకి ఇరవైసార్లైనా అంటాను. కళ్లు మూసుకుంటే వరస కట్టేవాళ్లలో సగంమంది వీళ్లేనని ఇప్పుడు తెలుస్తోంది. ఇది అబద్ధం కిందకి వస్తుందా? ఉద్యోగం మానలేను.

జయపురం_టూవీలర్

మధ్యలో దూరుతున్నా, పది రోజుల కోర్సు చేసినవాణ్ణి కాబట్టి. సెలవు దొరికినప్పుడు వెళ్లొచ్చు అని అనుకునేవాళ్ల కోసం రాస్తున్నా. హైదరాబాద్, నాగార్జునసాగర్, నాగపూర్‌లో కేంద్రాలున్నాయి, ఫీజు లేదు, భోజనానికీ బసకీ కూడా తీసుకోరు, కోర్సు పూర్తి చేసినవాళ్లు ఇచ్చే దానంతో నడుస్తుంది. పొద్దున నాలుగుకి గంట. ఫోను ఇచ్చేయాలి, పుస్తకం పెన్ను కూడా ఉండవు, పక్కవాడితో సైగలు కూడా చేయకూడదు. కొత్తవాళ్లకి సాయంత్రం టీ, పండ్లు, అంతే. మూడు రోజులు ముక్కు కింద ఊపిరి తప్ప ఏమీ లేదు, నాలుగో రోజు నుంచి ఒంట్లో తెలిసే స్పర్శలు చూడమంటారు, కదలకుండా గంట కూర్చోమంటారు. రెండో రోజు మధ్యాహ్నం సంచి సర్దేసుకున్నాను నేను. ఎందుకు ఆగానంటే గేటు దాకా వెళ్లడానికి సిగ్గేసి.

మోకాలు నొప్పితో చచ్చిపోతానేమో అనిపించిన గంటలో ఒకటి తెలిసింది, అది చెప్తా. నొప్పి ఒకటి, "అయ్యో ఈ నొప్పి, ఇంకా ఎంతసేపు, నా బతుకింతే" అనే గోల ఇంకొకటి. రెండు బాణాల పోలిక ఒకటి సుత్తాల్లో ఉంది, ఒక బాణం దిగినవాడు రెండో బాణం కూడా వేయించుకున్నట్టు అని. చదివినప్పుడు బాగుందనుకున్నా, మోకాలితో తెలుసుకోవడం వేరు. ఇంటికొచ్చాక టైరు పంచరైతే ఒక బాణమే తగులుతోంది అప్పుడప్పుడు. ఎప్పుడూ కాదు.

జాగ్రత్త కూడా చెప్పాలి. డిప్రెషన్‌కి గాని, ఇంకేదైనా మానసిక ఇబ్బందికి గాని మందులు వాడుతున్నవాళ్లు ఫారంలో దాచకండి, వాళ్లు అడిగేదే అందుకు. మందులు మానేసి ధ్యానంతో నయం చేసుకుంటామని అసలు వెళ్లకండి. ముందు డాక్టరుతో మాట్లాడండి. ఇంట్లో కూర్చున్నప్పుడు కూడా అంతే, గుండెదడ ఎక్కువైతే కళ్లు తెరిచి లేచి నడవండి, పట్టుదలకి పోవద్దు. పర్లాకిమిడి అక్క చెప్పిన కళ్లల్లో నీళ్లు మామూలే, దాని గురించి భయం వద్దు.

బల్లార్షా_నైట్‌షిఫ్ట్

అక్కా, నువ్వు అడిగినదానికి. వస్తదా రాదా అన్నది నేను చెప్పేది కాదు, నీకే తెలిసింది కాబట్టే రాసినవు. శిష్యుడు ఆనందుడు బుద్ధుణ్ణి ఒకసారి అడుగుతడు, శీలంతో ఏం లాభం అని. స్వర్గం అని చెప్పలేదు ఆయన. అవిప్పటిసారం అన్నడు, అంటే చేసినదానికి తర్వాత కుమిలిపోకుండ ఉండడం. అది ఉంటే మనసు తేలికయితది, తేలికయితే సంతోషం, సంతోషంతో ఒళ్లు నెమ్మదిస్తది, అక్కడి నుంచి సమాధి, అంటే మనసు ఒకచోట నిలవడం, అని మెట్లు చెప్పిండు. నీ కళ్ల ముందు వరస కట్టే ముసలమ్మలు ఆ మొదటి మెట్టు దగ్గర నిలబడ్డరు, అందుకే పైకి పోనిస్తలేరు.

ఉద్యోగం మానమని ఎవరూ అనరు, రెండు జీతాలు లేని ఇల్లు మాది కూడా. "అదే" అనే మాట ఒక్కటి మార్చి చూడు. ఎట్ల మార్చాల్నో షాపు నీకు తెలుసు, నాకు తెలీదు.

బాబాయ్, మీ తమ్ముడి మాట చదివినంక నా రిలాక్సేషన్ ముక్క సగం వెనక్కి తీసుకుంటున్న. సగమే.

పర్లాకిమిడి_కౌంటర్

నెలన్నర తర్వాత రాస్తున్నా, ఈ టాపిక్ ఎవరైనా చూస్తున్నారో లేదో.

"కంపెనీ వేరు, లోపలి మందు అదే, ఇది అరవై రెండు, డాక్టరుగారు రాసింది నలభై ఎనిమిది, రెండూ ఉన్నాయి, ఏది ఇమ్మంటారు?" ఇప్పుడు ఇలా అంటున్నాను. మొదటి రోజు నోరు పెగల్లేదు, నాలుగో కస్టమర్ దగ్గర అన్నాను. ఓనరు రెండు రోజులు ముఖం మాడ్చుకున్నారు, లెక్క చూసుకుంటే పెద్ద తేడా లేనట్టుంది, ఇప్పుడేమీ అనడం లేదు. రద్దీ ఉన్నప్పుడు ఇప్పటికీ "అదే" వచ్చేస్తుంది. వచ్చేశాక తెలుస్తోంది, ముందు తెలీడం లేదు.

పొద్దున కూర్చోవడం పన్నెండు నిమిషాలకి వచ్చింది. అత్తయ్యకి అవతారం కథా చెప్పలేదు, ప్రతిజ్ఞల కథా చెప్పలేదు. "బుర్ర వేడెక్కిపోతోంది అత్తయ్యా, చల్లబడడానికి" అన్నాను. ఓ వారం చూసి ఆవిడ కూడా జపమాల పట్టుకుని నా పక్కనే కుర్చీ వేసుకుంటున్నారు. మొన్న పప్పు కుక్కర్ పెట్టి కూర్చుంటే లేవబోయాను, "నువ్వు నీ ఊపిరి లెక్కెట్టుకో, విజిల్స్ నేను లెక్కెడతాను" అన్నారు. మూడు విజిల్స్‌కి ఆవిడ లేచి కట్టేసి వచ్చి మళ్లీ కూర్చున్నారు, నా లెక్క మాత్రం ఆరు దగ్గర తప్పింది.

ఒక్క సందేహం మిగిలింది, నవ్వకండి. మా వైపు దోమలు ఎక్కువ, మలేరియా భయం. కూర్చున్న పది నిమిషాల్లో మోచేతి మీద వాలుతుంది, చేయి దానంతటదే లేస్తుంది. పంచశీలలో మొదటిదే అది. లిక్విడ్ పెడదామంటే అదీ చంపేదేగా, పైగా షాపులో నేనే అమ్ముతాను. ఏం చేస్తారు మీరంతా?

బరంపురం_గుంటమగ్గం

దోమతెర కట్టుకుని లోపల కూర్చో అమ్మా. అత్తగారి కుర్చీ కూడా పట్టేంత పెద్దది తీసుకో.